ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు: గ్రాఫిక్స్ పోయిందా, ర్యామ్ పోయిందా?

కొలత్తూరు డీటీపీ

అందరికీ నమస్కారం. చెన్నై కొలత్తూరులో మాది చిన్న డీటీపీ కేంద్రం. పెళ్లిపత్రికలు, తెలుగు సంఘాల సావనీర్లు, అప్పుడప్పుడు ఎవరిదో ఒక కవితా సంపుటి. సిస్టం పాతదే: నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్‌లు రెండు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, మానిటర్ కేబుల్ నేరుగా బోర్డుకే పెట్టాను.

ఈమధ్య పొద్దున్నే స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ తెర మీద ఏమీ రాదు. లోపలి నుంచి ఒక పొడుగు బీప్, వెంటనే రెండు పొట్టివి, కాస్త ఆగి మళ్లీ అదే వరస. ఆపి వేయగా వేయగా ఒక్కోసారి ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. మా వీధిలో సర్వీసు చేసే అబ్బాయి విని, ఇది డిస్‌ప్లే బీప్, బోర్డులో గ్రాఫిక్స్ పోయింది, కార్డు కొనాలి, కాదంటే బోర్డే మార్చాలి అన్నాడు. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, పత్రికలు పేరుకుపోయి ఉన్నాయి. కార్డు కొనేయమంటారా?

సౌకార్‌పేట సర్వీసు

ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లేనే సార్. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు. కొత్త కార్డు అక్కర్లేదు, మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ వీధిలో పాతది ఒకటి తెచ్చి పెట్టి చూడండి. బొమ్మ వచ్చిందంటే సంగతి తేలిపోయినట్టే.

పాత మదర్‌బోర్డు

ఆగండి, రూపాయి కూడా తీయకండి. సౌకార్‌పేట గారు చెప్పింది అవార్డ్ కంపెనీ బయాస్ (స్విచ్ నొక్కగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాం) విషయంలో అక్షరాలా నిజం. అక్కడ ఒక పొడుగు, రెండు పొట్టి అంటే వీడియో లోపం. మెమరీ అయితే పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తాయి. కానీ బీప్‌లకు దేశమంతా చెల్లే నిఘంటువు లేదు. పాత ఏఎంఐ బయాస్‌లో ఒకటి, రెండు, మూడు బీప్‌లు మెమరీకి సంబంధించినవి, ఎనిమిది వస్తే డిస్‌ప్లే మెమరీ. పాత డెల్ డెస్క్‌టాప్‌లలో రెండు బీప్‌లంటే ర్యామ్ కనబడలేదని, నాలుగంటే ర్యామ్‌లో చదవడం, రాయడం కుదరలేదని. ఫీనిక్స్ వాళ్లది మరీ వేరు, ఒకటి-మూడు-నాలుగు-ఒకటి అంటూ గుంపులుగా కొడుతుంది. ఇక అసుస్ బోర్డుల మాన్యువల్స్ తెరిచి చూడండి: ఒక పొడుగు, రెండు పొట్టి అంటే మెమరీ కనబడలేదు; ఒక పొడుగు, మూడు పొట్టి అయితే గ్రాఫిక్స్ కనబడలేదు. అదే మోత, అర్థం మాత్రం పూర్తిగా వేరు!

కాబట్టి ముందు బోర్డు మీద అచ్చయిన మోడల్ పేరు చూసి, దాని మాన్యువల్ దింపుకోండి. బీప్‌ల పట్టిక అందులో సగం పేజీకి మించి ఉండదు.

తెర రానంత మాత్రాన తెర తాలూకు భాగమే పోయినట్టు కాదు. స్విచ్ నొక్కగానే ప్రాసెసర్ మొదట ఫ్లాష్ చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను, అంటే ఆ బయాస్‌నే, నడుపుతుంది. ఆ ఫర్మ్‌వేర్ ర్యామ్‌ను పలకరించి, అది జవాబిచ్చాకే వీడియో జోలికి వెళుతుంది. మీకు గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే ఉంది, వాడుకునేది కూడా ఇదే ర్యామ్. ర్యామ్ దగ్గరే బండి ఆగితే తెర మీద ఏదైనా రాసే దిక్కు ఉండదు. అందుకే స్పీకర్ మోగుతుంది.

కొలత్తూరు డీటీపీ

మాన్యువల్ చూశాను. మా బోర్డుకూ ఒక పొడుగు, రెండు పొట్టి అంటే మెమరీ కనబడలేదనే రాసి ఉంది. అయితే రెండు స్టిక్‌లూ పోయాయనా? కార్డు మానేసి ర్యామ్ కొనమంటారా? ధరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

పెరంబూరు రైల్వే

2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిసిపడ్డాయో చూశాం కదా. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఎత్తుకుపోతుంటే మనకు మిగిలేది ఇదే. పాత డీడీఆర్3 సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది కానీ ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ మరీ చవగ్గా కనబడి, కింద చిన్న అక్షరాల్లో ఏఎండీ బోర్డులకు మాత్రమే అని ఉంటే దాని దరిదాపులకు వెళ్లకండి. అందులో చిప్‌ల అమరిక వేరు, ఇంటెల్ బోర్డులకు పనికిరాదు. మీది ఇంటెల్.

సౌకార్‌పేట సర్వీసు

సరే, మాన్యువల్‌లో అలా ఉంటే అలాగే కానీయండి. స్టిక్‌లు బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను రబ్బరుతో రెండు వైపులా తుడిచి, మళ్లీ క్లిప్ టక్కుమనేదాకా నొక్కండి. మా దుకాణానికి వచ్చే మెమరీ ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే మందు. మన ఊళ్లో సముద్రపు గాలి, తేమ, పైగా దుమ్ము. స్టిక్ ఒకసారి తీసి పెడితేనే సగం రోగం పోతుంది.

పాత మదర్‌బోర్డు

తీసి పెట్టడం మంచిదే. రబ్బరు దగ్గరే నాకు పేచీ. ఆ బంగారు పూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. గరుకు రబ్బరుతో రుద్దిన ప్రతిసారీ దాన్ని అరగదీసినట్టే, పైగా రబ్బరు పొడి స్లాటులో పడి కొత్త తంటా తెస్తుంది. మందుల దుకాణంలోనో రిచీ వీధిలోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా దొరుకుతుంది. నూలు పోగులు రాలని గుడ్డకు కాస్త పట్టించి తుడవండి, పూర్తిగా ఆరాక పెట్టండి. స్లాటులోకి వేలు, గుడ్డ, పుల్ల ఏదీ దూర్చవద్దు. మెత్తని పొడి బ్రష్ చాలు.

ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. స్టాటిక్ భయం మన చెన్నై గాలిలో కొంత తక్కువే, ఏసీ గదిలో మాత్రం ఎక్కువ. క్యాబినెట్‌లో రంగు పూయని ఇనుప భాగాన్ని తాకి, స్టిక్‌ను అంచులతో పట్టుకోండి.

సౌకార్‌పేట సర్వీసు

రబ్బరుతో పాడైన స్టిక్ ఇంతవరకు నా బల్ల మీదికి రాలేదు. మీరు ఆల్కహాలే వాడండి, నాకేమీ అభ్యంతరం లేదు.

వేళచ్చేరి విద్యార్థిని

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ దగ్గరి సమస్యే. కొత్తగా ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్‌తో సిస్టం బిగించాం, డీడీఆర్5 16 జీబీ స్టిక్‌లు నాలుగు. స్విచ్ నొక్కితే బీప్ లేదు, బొమ్మ లేదు. బోర్డు మూలన చిన్న పసుపు దీపం వెలుగుతోంది. మా అన్నయ్య భయపడి వెంటనే ఆపేశాడు. మళ్లీ వేసినా అదే.

సర్వర్ గది

అమ్మా, ఆ దీపం పక్కన డ్రామ్ (DRAM, అంటే ర్యామ్) అని అచ్చయి ఉందేమో చూడండి. ఉంటే, ఆపకుండా వదిలేయండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి లేచేటప్పుడు ప్రతి స్టిక్‌తోనూ వేళలు సరిచూసుకుంటాయి. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. నాలుగు స్టిక్‌లు ఉంటే నిమిషాల తరబడి నల్ల తెర చూస్తూ కూర్చోవలసి వస్తుంది. మధ్యలో ఆపినప్పుడల్లా కథ మొదటికి వస్తుంది. చాలాసేపు చూసినా లేవకపోతే ఒక్క స్టిక్‌నే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టి చూడండి. ఒకటి లేస్తే రెండోది నాలుగో స్లాటులోకి.

అసలు ఆ ప్లాట్‌ఫాంలో నాలుగు స్టిక్‌లు పెట్టడమే నాకు నచ్చదు. రైజెన్ 7000కి ఏఎండీ ప్రకటించిన వేగం రెండు స్టిక్‌లకు 5200, నాలుగింటికి 3600. పెట్టె మీద 6000 అని చూసి కొంటారు, తర్వాత ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను పెట్టె మీది వేగానికి నడిపే బయాస్ సెట్టింగు) పెట్టగానే లేవడం లేదని ఇలాంటి చోట్లకు వస్తారు.

బీప్ లేకపోవడానికి కారణం మామూలే. ఇప్పటి బోర్డుల్లో చాలావాటితో స్పీకర్ ఇవ్వడం లేదు. నాలుగు పిన్నుల బుల్లి స్పీకర్ విడిగా చవగ్గా దొరుకుతుంది, బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న పిన్నులకు తగిలించుకోవచ్చు.

కొలత్తూరు డీటీపీ

ఆల్కహాల్‌తో తుడిచి పెట్టాను. బీప్ పోయింది, సిస్టం లేచింది. సంతోషించేలోపే కొత్త పేచీ. పేజ్‌మేకర్ మధ్యలో మూసుకుపోతోంది. నీలి తెర వచ్చి తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. ఖాతాదారు పంపిన ఫోటోల జిప్ విప్పితే సీఆర్‌సీ లోపమని, అంటే ఫైలు చెడిందని, చెబుతోంది. అదే ఫైలు నా ఫోనులో చక్కగా తెరుచుకుంది. నిన్న ప్రెస్సుకు పంపిన పత్రిక పీడీఎఫ్‌లో రెండో పేజీ తెరుచుకోవడం లేదని అక్కడి నుంచి ఫోను. విండోస్ మళ్లీ ఎక్కించాలా?

సర్వర్ గది

విండోస్ జోలికి వెళ్లకండి. ముందు పాత పనుల ఫైళ్లు ఆ సిస్టంలో తెరిచి సేవ్ చేయడం ఆపండి. బ్యాకప్ కూడా ఇప్పుడు తీయవద్దు. ర్యామ్ తప్పులు చేస్తుంటే డిస్కుకు వెళ్లే ప్రతి ఫైలూ ఆ ర్యామ్ గుండానే వెళుతుంది. మంచి బ్యాకప్ మీద చెడిపోయిన ప్రతిని ఎక్కించుకుంటారు, ఆ సంగతి ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. జిప్ ఫోనులో తెరుచుకుని ఇక్కడ తెరుచుకోకపోవడం ఒక్కటే చాలు, అనుమానం మెమరీ మీదే.

డ్రామ్ పని చేసే తీరే అలాంటిది. ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లోని విద్యుత్తు. అది చిల్లి కుండలా ఎప్పుడూ కారిపోతూనే ఉంటుంది, అందుకని 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా చదివి మళ్లీ నింపుతుండాలి. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఆలోచించిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఒక్క బిట్టు తప్పినా మన ఇళ్లలోని మామూలు సిస్టంలకు తెలియదు. సర్వర్లలో ఈసీసీ అనే తప్పులు దిద్దే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఒక బిట్టు తప్పితే అదే సరిదిద్దుకుంటుంది.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రాంను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకుని, దానితో బూట్ చేయండి. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ (కొత్త తరం బయాస్) బోర్డుల మీద కూడా నడుస్తుంది. రాత్రి పెట్టి పొద్దున చూడండి. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ ఉంది కానీ అది అంత కఠినంగా పరీక్షించదు. తప్పు పట్టుకుంటే నమ్మండి, అంతా బాగుంది అంటే మాత్రం నమ్మవద్దు.

కొలత్తూరు డీటీపీ

పెట్టాను. తెర అంతా ఎర్ర గీతలే. ఎన్నో లెక్కపెట్టలేను. ఇక స్టిక్‌లు పారేయాల్సిందేనా?

పాత మదర్‌బోర్డు

పారేస్తే మంచి స్టిక్‌లు పారేసినట్టు అవుతుందేమో. మీ హెచ్81 బోర్డులో స్లాట్లు రెండే, ఒక్కోటి ఒక్కో ఛానల్, అంటే ప్రాసెసర్‌కు విడి దారి. ఇంతకంటే సుఖంగా వెతకడానికి వీలైన బోర్డు ఉండదు. స్టిక్‌ల మీద పెన్సిల్‌తో 1, 2 అని రాసిన స్టిక్కర్లు అంటించండి. ఒకటో స్టిక్‌ను మాత్రమే మొదటి స్లాటులో పెట్టి పరీక్ష, తర్వాత రెండో స్లాటులో. రెండో స్టిక్‌తోనూ అంతే. తప్పు స్టిక్‌ను వెంబడిస్తుందా, స్లాటును పట్టుకుని కూర్చుంటుందా చూడాలి. ఒక్క ఫలితమూ ఊహించి రాయకండి, నాలుగూ చేసి చెప్పండి.

ఇంకొకటి. ఎర్ర గీతల్లో ఏ చిరునామా దగ్గర తప్పు, ఏమి ఉండాలి, ఏమి వచ్చింది అన్నవి ఉంటాయి. ఉండాల్సిన సంఖ్యకూ వచ్చిన సంఖ్యకూ తేడా ఎప్పుడూ ఒకే బిట్టు దగ్గరా? తెరను ఫోనుతో ఫోటో తీసి పెట్టండి.

పెరంబూరు రైల్వే

ఈలోగా బయాస్‌లో ర్యామ్ వేగం, వోల్టేజీ ఎవరైనా కదిలించారేమో చూడండి. డీడీఆర్3కి 1.5 వోల్టులు, ఎల్ అని ఉన్న రకానికి 1.35. అనుమానం ఉంటే ప్లగ్గు పీకి, బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ తీసి కాసేపటికి పెట్టండి. సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. బ్యాటరీ పాతబడి ఉంటే ఆ చేత్తోనే మార్చేయండి, గడియారం వెనకబడే బాధా తప్పుతుంది.

కొలత్తూరు డీటీపీ

నాలుగూ అయ్యాయి. బ్యాటరీ కూడా మార్చాను. మొదటి స్లాటులో ఏ స్టిక్ పెట్టినా ఒక్క తప్పు లేదు. రెండో స్లాటులో ఏది పెట్టినా ఎర్ర గీతలే, ఒక్కోసారి అసలు లేవకుండా మళ్లీ ఆ పొడుగు, రెండు పొట్టి బీప్‌లే. ఫోటో పెట్టాను చూడండి. చిరునామాలు ఎక్కడెక్కడివో ఉన్నాయి కానీ, మీరన్నట్టు తేడా మాత్రం ప్రతి వరుసలోనూ ఒకే చోట ఉంది.

పాత మదర్‌బోర్డు

చాలా బాగా చేశారు, స్టిక్‌లు రెండూ నిర్దోషులు. చిప్‌లో ఒక గది పాడైతే అదే చిరునామా మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఇక్కడ చిరునామాలు చెల్లాచెదురు, బిట్టు ఒక్కటే. అంటే ప్రాసెసర్‌కూ రెండో స్లాటుకూ మధ్య ఉన్న డేటా తీగల్లో ఒకటి సరిగ్గా అతుక్కోవడం లేదు. అది స్లాటులోనే కావచ్చు, బోర్డు లోపల కావచ్చు, ప్రాసెసర్ కింద సాకెట్‌లో కావచ్చు. మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటుంది కనుక సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా మనకు ర్యామ్ జబ్బులాగే కనిపిస్తుంది.

ఈలోగా పని ఆగకూడదంటే ఒక్క స్టిక్‌తో, మొదటి స్లాటులోనే నడపండి. 4 జీబీతో కొంచెం నిదానం, కానీ ఫైళ్లు చెడవు.

సౌకార్‌పేట సర్వీసు

సార్, ఒక్క ప్రశ్న. ఈ గొడవ మొదలయ్యే ముందు ఎవరైనా ప్రాసెసర్ ఫ్యాన్ విప్పారా?

కొలత్తూరు డీటీపీ

అవును. వేసవిలో బాగా వేడెక్కుతోందంటే ఆ సర్వీసు అబ్బాయే ఫ్యాన్ విప్పి, ప్రాసెసర్ బయటికి తీసి దుమ్ము తుడిచి, కొత్తగా థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ దిమ్మెకు చేర్చే ముద్ద) రాసి పెట్టాడు. ఆ తర్వాత కొన్ని వారాలు బాగానే నడిచింది.

సౌకార్‌పేట సర్వీసు

నేను అనుకున్నదే. బోర్డు మార్చకండి. ఫ్యాన్ విప్పండి, పేస్ట్ పట్టేసి ఉంటుంది కాబట్టి కాసేపు సిస్టం నడిపి వేడి చేశాక ప్లగ్గు పీకి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. ప్రాసెసర్‌ను అంచులతో ఎత్తి వెల్లకిలా తిప్పి చూడండి. కింద వరుసలు వరుసలుగా బంగారు చుక్కలుంటాయి. అంచున ఎక్కడైనా బూడిదరంగు మరక ఉందా? పేస్ట్ ఎక్కువ రాసినవాడి వేలికి అంటుకుని ప్రాసెసర్ అడుగుకు చేరడం మా దుకాణంలో మామూలుగా చూసేదే. ఆ పేస్ట్ చాలా రకాల్లో కరెంటును పోనివ్వదు. ఒక చుక్క మీద పడితే ఆ తీగ ఉన్నట్టే ఉండి లేనట్టే. మొదట పిన్ను నొక్కుకుని తగులుతుంది, వేడికీ చల్లదనానికీ కదిలీ కదిలీ మధ్యకు పేస్ట్ చేరుతుంది.

సాకెట్‌ను మాత్రం వేలితో తాకవద్దు. టార్చ్ పక్కవాటంగా పట్టి చూడండి, పిన్నులన్నీ ఒకే వైపు ఒకేలా మెరవాలి. ఏదైనా ఒకటి వేరేగా మెరిస్తే మీరు ముట్టుకోకుండా నా దగ్గరికి తీసుకురండి.

వేళచ్చేరి విద్యార్థిని

సర్వర్ గది గారూ, లేచింది! అన్నయ్యను స్విచ్ దగ్గరికి రానివ్వకుండా కూర్చున్నాను. అయితే ఎక్స్‌పో పెట్టగానే మళ్లీ నల్ల తెర. రెండు స్టిక్‌లు తీసేశాక ఎక్స్‌పోతోనూ లేచింది. తీసేసిన రెండూ దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాం.

సర్వర్ గది

మంచి పని. రేపు 64 జీబీ కావాలంటే 32 జీబీ స్టిక్‌లు రెండు కొనండి, నాలుగు కాదు. ఎక్స్‌పో పెట్టాక కూడా మెమ్‌టెస్ట్ ఒక రాత్రి నడపండి. విండోస్ తెరుచుకుంది కదా అని మెమరీ బాగున్నట్టు కాదు.

కొలత్తూరు డీటీపీ

సౌకార్‌పేట గారూ, మీరన్నట్టే ఉంది. ప్రాసెసర్ అడుగున ఒక అంచు వెంబడి గోరంత మేర బూడిదరంగు పూత, పది పన్నెండు చుక్కల మీద. టార్చ్‌తో సాకెట్ చూశాను, పిన్నులన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక పిన్ను కొసన మాత్రం చిన్న బూడిద బిందువు. దాన్ని తాకలేదు. ప్రాసెసర్ చుక్కలను ఆల్కహాల్‌తో తుడిచాను.

సౌకార్‌పేట సర్వీసు

ఆ బిందువును అలాగే వదిలి బిగించకండి. మళ్లీ అంటుకుంటుంది. సాకెట్ మూత వేసి బోర్డుతో సహా తీసుకురండి, మైక్రోస్కోపు కింద మెత్తని బ్రష్‌తో తీసి ఇస్తాను. వచ్చేటప్పుడు స్టిక్‌లు రెండూ, ఆ మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ కూడా తెచ్చుకోండి. మీ కళ్ల ముందే నడిపి చూద్దాం.

కొలత్తూరు డీటీపీ

వెళ్లి వచ్చాను. బిందువు తీశారు, ఆవగింజలో సగం పేస్ట్ మాత్రమే రాశారు, ఫ్యాన్ కాళ్లు నాలుగూ ఎదురెదురు మూలల వరసలో నొక్కారు. రెండు స్లాట్లలో రెండు స్టిక్‌లతో రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిచింది, తప్పుల గడిలో సున్నా. జిప్ తెరుచుకుంది. ఈమధ్య సేవ్ చేసిన పత్రికలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను. చెడిపోయినవి కొన్ని బయటపడ్డాయి, వాటి పాత ప్రతులు ఈమెయిల్‌లో ఉన్నాయి కాబట్టి బతికాను.

పెరంబూరు రైల్వే

మంచి వార్త. ఇదే వరసలో నా సందేహం కూడా తీర్చండి. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, తీసి మార్చే వీలు లేదు. మెమ్‌టెస్ట్‌లో తప్పులు వస్తున్నాయి కానీ చాలా తక్కువ, ఎప్పుడూ ఒకే చిరునామా చుట్టూ. వారంటీ అయిపోయింది. దీనికి ఏదైనా దారి ఉందా?

సర్వర్ గది

ఒకే చిరునామా అయితే దారి ఉంది. అది చిప్‌లో పాడైన గది, ఆ ముక్కను వాడవద్దని ఆపరేటింగ్ సిస్టంకు చెప్పవచ్చు. లినక్స్ అయితే, దాన్ని మొదలుపెట్టే గ్రబ్ ప్రోగ్రాంలో మెమ్‌మ్యాప్ ఆదేశంతో ఆ చిరునామాల మేర పక్కన పెట్టించవచ్చు. అందులో వచ్చే డాలర్ గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ (వెనక్కి వాలిన గీత) పెట్టకపోతే గ్రబ్ దాన్ని మింగేస్తుంది, అది గుర్తుంచుకోండి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీఎడిట్ ఆదేశంతో బ్యాడ్‌మెమరీలిస్ట్‌లో (వాడకూడని మెమరీ జాబితాలో) చేర్చాలి. అక్కడ చిరునామా మొత్తం కాదు, హెక్సాలో (16 అంకెల లెక్కలో) చివరి మూడు అంకెలు తీసేసిన పేజీ సంఖ్య ఇవ్వాలి. తప్పుల జాగా రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఇది పనిచేయదు, చిప్ మార్చేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

మెమ్‌టెస్ట్‌ను రెండు మూడు రాత్రులు విడివిడిగా నడిపి, వచ్చిన చిరునామాలు ఇక్కడ పెట్టండి. అది విండోసో లినక్సో కూడా రాయండి, ఏ సంఖ్యలు ఇవ్వాలో లెక్క వేసి చెబుతాను.